తళుకు హోటళ్లు - తరుగు జీతాలు

పొలాల్లో పని తగ్గగానే పలాస, సోంపేట, ఇచ్ఛాపురం స్టేషన్లలో రైలెక్కే కుర్రవాళ్లు శ్రీకాకుళం జిల్లా ప్రజలకు కొత్త కాదు. వారిలో కొందరు విశాఖపట్నం, హైదరాబాదు, చెన్నై నగరాల్లోని పెద్ద రెస్టారెంట్లలో సర్వర్లుగా, క్లీనర్లుగా, వంటవారికి సాయంగా చేరుతున్నారు. తెల్ల చొక్కా, నల్ల కోటుతో దిగిన ఫొటో ఇంటికి వస్తుంది. ఒప్పుకున్న జీతం మాత్రం చాలామందికి పూర్తిగా రాదు. ఒక కుటుంబం ఒక పూట తిన్న బిల్లు, వడ్డించినవాని వారం కూలిని మించే చోట్లు లేకపోలేదు.

చట్టాలు లేక ఈ దుస్థితి రాలేదు. 1948లోనే కనీస వేతనాల చట్టం వచ్చింది. కనీస వేతనం కంటె తక్కువకు పని చేయించుకోవడం వెట్టిచాకిరీయేనని సుప్రీంకోర్టు 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో స్పష్టం చేసింది. పాత వేతన చట్టాలను కలిపి 2019లో చేసిన వేతనాల కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది.

దాని ప్రకారం నెల జీతం మరుసటి నెల 7వ తేదీలోగా చెల్లించాలి. నిర్ణీత వేళకు మించి చేసిన పనికి రెట్టింపు రేటు ఇవ్వాలి. మానివేసినా, తీసివేసినా రెండు పనిదినాల్లో లెక్క తేల్చాలి. జీతం చీటీ ఇచ్చి తీరాలి. గ్లాసు పగిలిందనీ, ఆలస్యమైందనీ ఇష్టం వచ్చినట్లు కోత వేయడానికి వీలులేదు. సంజాయిషీ అడగకుండా జరిమానా వేయరాదు. వేసినా అది జీతంలో నూటికి 3 వంతులకు మించరాదు. అన్ని రకాల కోతలు కలిపినా సగం జీతం దాటరాదు. పదిమందికి తక్కువ కాకుండా పనిచేసే చోట, 21 వేల రూపాయల లోపు జీతగాళ్లకు ఇ.ఎస్.ఐ. వైద్య సదుపాయం కూడ వున్నది.

"టిప్పులు వస్తున్నాయి కదా" అని కొందరు యజమానులు సమాధానం చెబుతున్నారు. ఇది సమంజసం కాదు. టిప్పు గిరాకీ తన ఇష్టంతో ఇచ్చేది. జీతం యజమాని బాకీ. సర్వీసు ఛార్జీని బిల్లులో తప్పనిసరిగా కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో ఆదేశించగా, ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో దానిని సమర్థించింది. సిబ్బంది పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ము సిబ్బందికి ఎంత ముట్టిందో యాజమాన్యాలే చెప్పాలి.

అద్దెలు పెరిగాయి, వ్యాపారం అన్ని నెలలు ఒకేలా వుండదు అన్న యజమానుల మాటలో కొంత నిజం లేకపోలేదు. అయితే అద్దె బాకీ పెడితే భవనం యజమాని ఊరుకోడు. కరెంటు బిల్లు కట్టకపోతే దీపాలు ఆరిపోతాయి. జీతం ఒక్కటే ఆపగలిగినది కావడానికి కారణం, అడిగేవాడు పరాయి ఊరివాడు కావడమే. చట్టప్రకారం జీతాలిచ్చే యజమాని, ఎగవేసే యజమానితో పోటీ పడలేక నష్టపోతున్నాడన్నది కూడ గమనించదగినది.

పిల్లలను పంపే తల్లిదండ్రులు కొన్ని జాగ్రత్తలు తీసుకోవాలి. తీసుకెళ్లే మేస్త్రీ నోటిమాటను నమ్మక, నియామక పత్రం అడగాలి. వచ్చిన వేళ, వెళ్లిన వేళ, చేతికందిన సొమ్ము రోజూ నోటుపుస్తకంలో రాసుకోమని కుర్రవానికి చెప్పాలి. బకాయిపై మూడేళ్లలోపు ఫిర్యాదు చేసుకోవచ్చు. అప్పుడు జీతం ఇచ్చినట్లు రుజువు చేసుకోవలసిన బాధ్యత యజమానిదేనని కోడ్ చెబుతున్నది.

అయినా ఊరుగాని ఊరిలో, యజమాని ఇచ్చిన గదిలోనే పడుకునే కుర్రవాడు ఒంటరిగా ఫిర్యాదు చేయగలడనుకోవడం అత్యాశ. ఫిర్యాదు కోసం ఎదురుచూడక కార్మికశాఖ అధికారులే వంటశాలల దాకా వెళ్లి హాజరుపట్టీలు, జీతాల రిజిస్టర్లు తనిఖీ చేయాలి. ముందు హాలులో కూర్చుని మర్యాదలు అందుకుని తిరిగివస్తే వెనుక గదిలోని అన్యాయం కంటబడదు.