దెయ్యం లేకుంటే భయం లేదా?

భయం కథలు చూసినవాళ్లు ఒకటే తీర్పు చెప్తారు: "ఏం భయమూ కాలేదబ్బా!" ఆ తీర్పు చాలదని నా వాదన.

2022 అక్టోబరులో నెట్‌ఫ్లిక్స్‌లో 'క్యాబినెట్ ఆఫ్ క్యూరియాసిటీస్' అనే సిరీస్ వచ్చింది. 8 కథలు, 8 మంది దర్శకులు. పెద్దల కోసం తీసింది కాబట్టి నేను చూడలేదు; మా అక్క చూసి కథలు చెప్పింది. అందులో 'ది అవుట్‌సైడ్' గురించి ఆమె స్నేహితురాళ్లు "దెయ్యమే లేదు, ఉత్త బోరు" అన్నారంట.

ఆ కథలో స్టేసీ బ్యాంకు ఉద్యోగి. తోటి ఆడవాళ్లలా అందంగా ఉండాలని ఆమె ఆశ. కానుకగా వచ్చిన క్రీము పూసుకుంటే ఒళ్లంతా దద్దుర్లు, దురద. అయినా మానదు. ఉన్నట్టే బాగున్నావని భర్త చెప్పినా వినదు. టీవీ ప్రకటనలోని మనిషి మాటే వింటుంది.

ఇందులో దెయ్యం లేదా? మన హోసూరు పెళ్లిళ్లలో "పిల్ల కొంచెం నలుపు" అనే మాట వినని ఆడపిల్ల ఉందా? తలుపు వేస్తే దెయ్యం బయటే ఆగుతుందేమో. ఈ ప్రకటన మాత్రం నట్టింట్లోనే కూర్చుంది.

భయమంటే ఉలిక్కిపడటమే కదా అని కొందరంటారు. టపాకాయ పేలినా ఉలిక్కిపడతాం! చందమామలో బేతాళ కథల్ని మన పెద్దలు ఎందుకు చదివారు? శవంలోని బేతాళుడికి జడిసి కాదు, చివర్లో అతడు వేసే ప్రశ్న కోసం.

అందుకే ఇకమీద "భయమైందా?" అని కాదు, "ఏం ప్రశ్న మిగిలింది?" అని అడగండి.