చక్రపు కొలత: కంటికా, బాటకా?

మన రాజపాళయమున కార్లు నానాటికి హెచ్చుచున్నవి. క్రొత్త కారు ఇంటి ముంగిట నిలిచిన నెల తిరుగకుండగనే దాని చక్రములను మార్చుట మన యువకులలో నొక వేడుకగా పరిణమించినది. కంపెనీవారు బిగించి పంపిన ఇనుప చక్రములను ఊడదీయించి, వానికంటె ఒకటి రెండు అంగుళములు, ఒక్కొక్కచో మూడంగుళములు పెద్దవగు అల్లాయి చక్రములను మధుర నుండియో, కోయంబత్తూరు నుండియో తెప్పించి వేయించుచున్నారు. తండ్రులు పైకము చెల్లించుచున్నారు గాని, ఆ చక్రముపై నేమి వ్రాసియున్నదో అడుగుట లేదు.

ఈ వేడుకను మేము తప్పు పట్టము. చూడముచ్చటయైన వస్తువును కోరుట మానవ సహజము. కాని మేము చెప్పదలచినది ఒక్కటే. చక్రపు కొలతను నిర్ణయింపవలసినది కన్ను కాదు. బాటయు, బరువును, కంపెనీవారు కట్టిన లెక్కయు దానిని నిర్ణయింపవలెను.

మనది నూలు మిల్లుల పట్టణము. నూలు కొనువాడు కౌంటు అడుగక కండెను చేత బట్టడు. నలువదవ కౌంటు నేయవలసిన చోట ఇరువదవ కౌంటు ఎక్కించి, చూచుటకు దళసరిగా, అందముగా నున్నదని మురియువానిని చూచి పసిపిల్లలైనను నవ్వుదురు. టైరునకును అట్టి కౌంటే కలదు. దాని ప్రక్కభాగమున అచ్చయి యుండును. దానిని చదువుట నేర్చిన చాలును.

ఉదాహరణమునకు మన వీధులలో విరివిగా తిరుగు మారుతి స్విఫ్టు కారును తీసికొందము. దాని క్రింది తరగతి కారులకు 165/80 ఆర్ 14 అను టైరు వచ్చును. ఇందు 165 అనునది టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 80 అనునది టైరు ప్రక్కగోడ ఎత్తు. అనగా వెడల్పులో నూటికి ఎనుబది పాళ్లు, 132 మిల్లీమీటర్లు. 14 అనునది రిమ్ము వ్యాసము, అంగుళములలో. అంగుళమునకు 25.4 మిల్లీమీటర్ల చొప్పున రిమ్ము 355.6, దానికి పైన క్రింద రెండు ప్రక్కగోడలు 264 కలుపగా మొత్తము చక్రపు ఎత్తు 619.6 మిల్లీమీటర్లు. ఈ మొత్తమే కారునకు ప్రాణము. వేగము చూపు ముల్లు, గేర్ల అమరిక, బ్రేకుల పట్టు, అన్నియు ఈ ఎత్తును నమ్ముకొనియే తయారైనవి.

ఆ కంపెనీవారే పై తరగతి స్విఫ్టునకు 185/65 ఆర్ 15 ఇచ్చుచున్నారు. లెక్క కట్టిన 621.5 మిల్లీమీటర్లు వచ్చును. రిమ్ము ఒక అంగుళము పెరిగినను చక్రము మొత్తమున రెండు మిల్లీమీటర్లైనను పెరుగలేదు. ప్రక్కగోడను 120 మిల్లీమీటర్లకు తగ్గించి సరిచేసినారు. ఇన్నోవా క్రిస్టాలోను ఇదే నడవడి. 205/65 ఆర్ 16 అయిన 672.9, 215/55 ఆర్ 17 అయిన 668.3. రిమ్ము పెరిగినపుడు గోడ తగ్గవలెను, మొత్తము మారరాదు. ఇదియే మొదటి సూత్రము. భేదము నూటికి మూడు పాళ్లు దాటరాదని ఈ పనిలో ఆరితేరినవారు చెప్పుదురు. ఒక పాలునకు లోబడియుండుట మరింత మేలు.

ఈ సూత్రము నెరుగక, 15 అంగుళముల రిమ్ముపై 205/65 టైరు ఎక్కించినచో నేమగును? ఎత్తు 647.5 అగును. క్రింది తరగతి స్విఫ్టునకు ఇది నూటికి నాలుగున్నర పాళ్లు అధికము. ముల్లు ఎనుబది చూపునపుడు, మునుపు ముల్లు సరిగా నుండినచో, బండి ఎనుబది మూడున్నరకు పైగా పరుగిడును. స్టీరింగు పూర్తిగా త్రిప్పినపుడు టైరు మడ్‌గార్డు లోపలి భాగమునకు రాచుకొనవచ్చును. ఇంజను లాగుటకు బరువెక్కును, పెట్రోలు ఖర్చు పెరుగును.

ఎత్తు సరిపోయిన చాలునా? చాలదు. పదునేడు అంగుళముల మోజుగలవారు ఇదే కారునకు 205/45 ఆర్ 17 అడుగుదురు. లెక్కకు 616.3 మిల్లీమీటర్లు వచ్చును, భేదము నూటికి అర పాలు మాత్రమే. దుకాణదారు "లెక్క సరిపోయినది" అనును, అబద్ధము కాదు. కాని ప్రక్కగోడ 132 నుండి 92 మిల్లీమీటర్లకు దిగినది. గుంటలో పడినపుడు రిమ్మునకు దెబ్బ తగులకుండ కాచునది ఈ గోడలోని గాలియే. అట్టి మెత్తలో నలుబది మిల్లీమీటర్లు పోయినవి.

మన బాటలు ఎట్టివో వేరుగ చెప్పనక్కరలేదు. గొట్టములకై త్రవ్వి పూడ్చిన వీధులు, ఐప్పసి కార్తీక వానలకు లేచిపోయిన కంకర, గుర్తు పెట్టని వేగనిరోధకములు, ఇవి నిత్యము మనమెరిగినవే. ఇట్టి చోట సన్నని గోడ టైరు ఉబ్బుట, రిమ్ము వంగుట, అల్లాయి బీటవారుట సంభవించును. ఇనుప చక్రము వంగిన సుత్తితో సరిచేయవచ్చును. బీటవారిన అల్లాయికి అట్టి వైద్యము లేదు. దానిని అతికించి మరల తొడుగుట ప్రాణములతో చెలగాటమే.

ఇక బరువు సంగతి. టైరుపై కొలతల ప్రక్కనే మరియొక అంకె యుండును. అది మోయగల బరువు. 85 అనగా ఒక్కొక్క టైరు 515 కిలోలు, 88 అనగా 560 కిలోలు, 84 అనగా 500 కిలోలు. స్విఫ్టు క్రింది తరగతి టైరు 85వది. మోజుపడి తెచ్చుకొను 205/45 ఆర్ 17 సాధారణ రకము 84వది. అనగా చూపునకు వెడల్పై, పెద్దదై కనబడు టైరు నిజమునకు తక్కువ బరువు మోయును! బలము పెంచిన రకము వేరుగ కలదు; కాని అడిగినగాని ఇయ్యరు. మన కుటుంబములు కారులో ఒంటరిగా పోవునవి కావు. తాతగారు, నాయనమ్మగారు, పిల్లలు, పెండ్లి సామాను, మామిడిపండ్ల బుట్టలు, అన్నియు ఎక్కించుకొనియే తిరుపతికైనను, తెన్‌కాశికైనను బయలుదేరుదుము. బరువు అంకె తగ్గిన టైరుపై వారందరిని కూర్చుండబెట్టుట ఏ ముచ్చటకు?

చక్రము బిగించు తీరునందును నాలుగు సంగతులు చూడవలెను. నట్ల సంఖ్య, వాని వలయపు కొలత కారుతో కలియవలెను. స్విఫ్టునకు నాలుగు నట్లు, 100 మిల్లీమీటర్ల వలయము. నడిమి రంధ్రము హబ్బునకు ఒదుగవలెను, స్విఫ్టునకది 54.1 మిల్లీమీటర్లు. రంధ్రము పెద్దదైనచో సరియైన వలయమును తొడిగింపవలెను, లేకున్న వేగమున స్టీరింగు వణకును. రిమ్ము వెలుపలికి పొడుచుకొని రాకుండ దాని ఆఫ్‌సెట్టు కంపెనీవారి అంకెకు దగ్గరగా నుండవలెను. పొడుచుకొని వచ్చిన చక్రము బేరింగులను అరగదీయును. అల్లాయికి తగిన నట్లనే వాడవలెను. బిగించిన పిమ్మట నూరు కిలోమీటర్ల లోపల మరల నట్లను సరిచూపించవలెను. వెనుక డిక్కీలోని అదనపు చక్రము కూడ అదే ఎత్తుగలదై యుండవలెను. రిమ్ములకు ఐ.ఎస్. 16192 అను ప్రమాణము కలదు. ముద్ర లేని చౌక సరుకును తిరస్కరించుట మేలు.

చట్టమును గూడ మరువరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు కంపెనీవారు మొదట నిర్ణయించిన వానికి భిన్నమగునట్లు బండిని మార్చరాదని శాసించుచున్నది. 2019 జనవరి 9వ తేదీన సుప్రీంకోర్టు కేరళ నుండి వచ్చిన యొక వ్యాజ్యమున ఈ సూత్రమును స్థిరపరచినది. అదే సంవత్సరము చేయబడిన సవరణ వలన, అనుమతి లేని ప్రతి మార్పునకును యజమానికి 5,000 రూపాయల జుర్మానా గాని, ఆరు మాసముల వరకు జైలు గాని, రెండును గాని విధింపవచ్చును. సెంగోట దాటి ఆర్యంకావు కనుమ మీదుగ కొల్లమునకు పోవువారు తాము కేరళ గడ్డపై కాలిడుచున్నామని జ్ఞాపకముంచుకొనవలెను. భీమా కంపెనీకి తెలుపని మార్పు, ప్రమాదము జరిగిన నాడు, చెల్లింపునకు అడ్డువచ్చు అవకాశము కలదు. కంపెనీవారే తమ పై తరగతి కారునకు ఇచ్చిన కొలత వరకు పోయి ఆగినచో వాదించుకొనుటకు ఆధారముండును. దానిని దాటినచో ఆ ఆధారమును తెగిపోవును.

"పెద్ద చక్రము రోడ్డును గట్టిగ పట్టును గదా" అని యువకులు మమ్ము ప్రశ్నించిరి. వారి మాటలో సత్యము లేకపోలేదు. నున్నని రహదారిపై, మలుపులలో, పొట్టి గోడ టైరు తక్కువగా ఊగును. అందుచేతనే కంపెనీవారును పై తరగతికి ఒక అంగుళము పెంచిరి. కాని నీరు నిలిచిన బాటపై, అదే బరువునకు, వెడల్పు టైరు త్వరగా తేలిపోయి పట్టు తప్పును. తిరుమంగలం నుండి మన పట్టణము వరకు నాలుగు వరుసల రహదారి చేపట్టబడినది నిజమే. అయినను ఇంటి నుండి రహదారి చేరువరకు మన వీధులలోనే గదా నడువవలెను! పది మైళ్ల సుఖమునకై ప్రతిదినము గుంటలలో రిమ్ము పోగొట్టుకొనుట వ్యాపార లక్షణము కాదు.

మన తాతల నాటి అంబాసిడరు కారు 15 అంగుళముల రిమ్ముపై ఎత్తైన గోడ టైరుతో దశాబ్దముల తరబడి ఈ బాటలనే త్రొక్కినది. దానినెవ్వరును అందగత్తె యనలేదు. గుంటలో కూలబడెననియు అనలేదు.

కావున మన కుటుంబముల పెద్దలకు మా మనవి యిది. చక్రములకు పైకమిచ్చుటకు ముందు కుమారుని నాలుగు ప్రశ్నలడుగుడు. మొత్తము ఎత్తు ఎంత మారినది? ప్రక్కగోడ ఎంత మిగిలినది? బరువు అంకె పాతదానికంటె తగ్గినదా? ఈ కొలత ఇదే కారు పై తరగతికి కంపెనీవారు ఇచ్చినదేనా? ఈ అంకెలు అడ్డు తలుపు చట్రముపై నంటించిన చీటీలోను, కారుతో వచ్చిన పుస్తకములోను దొరకును. దుకాణమున బేరము అరవములో జరిగినను, అంకెలకు భాషాభేదము లేదు. "ఇవి మాకు తెలియని విద్యలు" అని పెద్దలు తప్పుకొనరాదు. బేళ్లు తూచి, కౌంట్లు లెక్కించి బ్రతికిన వంశములు మనవి. నాలుగు అంకెలు కూడుట మనకొక బరువా?

యువకులకును ఒక మాట. మీ ముచ్చట తీర్చుకొనుడు. ఒక అంగుళము పెంచుకొనుడు. కాని ఆ కారులో మీ వెనుక కూర్చుండు అవ్వ ఏ చక్రమును చూచి ఎక్కుట లేదు, మిమ్ము చూచి ఎక్కుచున్నది. ఆ నమ్మకమునకు తగిన కొలతనే ఎన్నుకొనుడు.