ఆకాశంలో మన వాటా ఎంత?

ఈ సంచికలో చదువు గురించి, క్రమశిక్షణ గురించి చాలామంది రాస్తారు. మేము యుద్ధ విమానాల ప్రదర్శనల గురించి రాస్తున్నాం. ఈపూరు హాస్టల్ పిల్లలకు విమానాలతో పనేమిటని ఎవరైనా అడగవచ్చు. పని ఉందని చెప్పడానికే ఈ వ్యాసం.

బెంగళూరు శివార్లలోని యెలహంక వైమానిక స్థావరంలో 1996 నుంచి రెండేళ్ళకోసారి 'ఏరో ఇండియా' అనే అంతర్జాతీయ ప్రదర్శన జరుగుతోంది. 2025 ఫిబ్రవరిలో రష్యావారి ఎస్‌యూ-57, అమెరికావారి ఎఫ్-35 రెండూ అక్కడికి వచ్చాయి. ఆ ఏడాది ఆరుబయట నిలబడి విన్యాసాలు చూడటానికి టికెట్ 1,000 రూపాయలు. స్టాళ్ళలోకి కూడా వెళ్ళి చూడాలంటే 2,500 రూపాయలు. 2023లో పెంచిన మెస్ చార్జీల ప్రకారం హాస్టల్లో 5 నుంచి 10వ తరగతి విద్యార్థికి నెలకు 1,400 రూపాయలు. అంటే ఒక్క పూట విమానాలు చూడటానికయ్యే ఖర్చు మాకు మూడు వారాల తిండి. మరి ఆ ప్రదర్శన ఎవరి కోసం?

మా ఉద్దేశంలో అది మన కోసం కూడా. 2021 ఫిబ్రవరిలో అదే ఏరో ఇండియా వేదిక మీద 83 తేజస్ విమానాల కోసం దాదాపు 48 వేల కోట్ల రూపాయల ఒప్పందం జరిగింది. అది ప్రజల సొమ్ము. మన అమ్మానాన్నలు సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా కట్టే పన్ను అందులో ఉంది. సొమ్ములో వాటా ఉన్నవాళ్ళకు చూడటంలో వాటా ఎందుకు ఉండకూడదు?

విమానాలు మనకు అంత దూరంలో కూడా లేవు. అద్దంకి వైపు కొరిశపాడు దగ్గర జాతీయ రహదారినే 4.1 కిలోమీటర్ల పొడవున, 33 మీటర్ల వెడల్పున సిమెంటు రన్‌వేగా కట్టారు. 2022 డిసెంబర్ 29న అక్కడ యుద్ధ విమానాలు రోడ్డుకు దగ్గరగా దిగివచ్చి, చక్రాలు ఆనించకుండానే పైకి లేచాయి. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు రోడ్డు మీద దిగి మళ్ళీ ఎగిరాయి. సుఖోయ్-30, హాక్ విమానాలు కిందికి వచ్చి వెళ్ళిపోయాయి.

అలాంటి చోట పిల్లలు ఈలలు వేసి, చప్పట్లు కొట్టి ఇంటికి వస్తే సరిపోదు. చూడటం కూడా ఒక చదువే. విమానం 3,400 మీటర్ల దూరంలో ఉంటే దాని చప్పుడు మన చెవికి చేరడానికి పది సెకండ్లు పడుతుంది. ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లని పుస్తకంలో బట్టీ పట్టినదాన్ని అక్కడ చెవితో వినవచ్చు. తేజస్ గట్టిగా మలుపు తిరిగితే పైలట్ శరీరం మీద భారం ఎనిమిది రెట్లు పడుతుంది. 50 కేజీల మనిషి ఆ క్షణంలో 400 కేజీలవుతాడు! ఈ పాఠం నల్లబల్ల మీద చెబితే నిద్ర వస్తుంది, ఆకాశంలో చూపిస్తే నిద్ర పట్టదు.

అంతకంటే ముఖ్యం, ఆ విమానం వెనక ఉన్న మనుషుల్ని తెలుసుకోవడం. తేజస్ రూపకల్పనకు నాయకత్వం వహించిన కోట హరినారాయణ గారు బరంపురంలో పుట్టారు. అది 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది. హైదరాబాద్ దగ్గర ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల మధ్యభాగాలు, సి-130 రవాణా విమానాల తోక భాగాలు తయారవుతున్నాయి. అలాంటి చోట ఇంజనీర్లతో పాటు ఐటిఐ, డిప్లొమా చదివిన చేతులూ కావాలి. అవని చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న హైదరాబాద్ దగ్గర దుండిగల్‌లోనే దేశంలో తొలి మహిళా ఫైటర్ పైలట్లుగా బాధ్యతలు తీసుకున్నారు. 2025 మే 30న ఎన్డీఏ నుంచి తొలిసారి 17 మంది అమ్మాయిలు పట్టా పుచ్చుకుని బయటికొచ్చారు.

ఎన్డీఏ ద్వారా వైమానిక దళంలో చేరాలంటే ఇంటర్‌లో లెక్కలు, ఫిజిక్స్ చదివి ఉండాలి. ఈ ఒక్క మాట పదో తరగతిలో తెలియకపోతే, స్నేహితుడు ఏ గ్రూపులో చేరితే మనమూ ఆ గ్రూపులో చేరతాం. రెండేళ్ళ తర్వాత తెలిసినా ఆ తలుపు మూసుకుపోయి ఉంటుంది. పట్నం పిల్లవాడికి ఈ మాట చెప్పే మేనమామో, ట్యూషన్ మాస్టారో ఉంటారు. మనకెవరున్నారు? అసలు నష్టం టికెట్ దొరక్కపోవడం కాదు, ఈ మాట దొరక్కపోవడం.

యుద్ధ విమానాలు ప్రాణాలు తీసేవి, వాటిని పిల్లలకు చూపి మురిపించడం తగదని కొందరు పెద్దలంటారు. ఆ మాటను కొట్టిపారేయలేం. 2010 మార్చి 3న బేగంపేట ప్రదర్శనలో నౌకాదళ విమానం బోయినపల్లిలో కూలి ఇద్దరు పైలట్లు చనిపోయారు. 2019లో యెలహంకలో రిహార్సల్ చేస్తూ వింగ్ కమాండర్ సాహిల్ గాంధీ, 2025 నవంబర్ 21న దుబాయ్‌లో తేజస్ నడుపుతూ వింగ్ కమాండర్ నమాంశ్ స్యాల్ ప్రాణాలు విడిచారు. కనుక విన్యాసంతో పాటు దాని ఖరీదూ పిల్లలకు చెప్పాల్సిందే. అంతేగాని, భయపడి కళ్ళు మూస్తే ప్రశ్నించడం కూడా రాదు. తుఫానులో ఆహారం మోసుకొచ్చేదీ విమానమే, బాంబు మోసేదీ విమానమే. దేనికి ఎంత ఖర్చు పెట్టాలో రేపు ఓటర్లుగా చెప్పాల్సింది మనమే.

అందుకే మా విన్నపాలు మూడు. ఒకటి, ఏటా తొమ్మిదో తరగతి వారిని విశాఖ విహారయాత్రకు తీసుకెళ్ళాలి. 2017 డిసెంబర్‌లో బీచ్ రోడ్డులో ప్రారంభమైన టీయూ-142 మ్యూజియంలో నిజమైన నౌకాదళ విమానం లోపలికే ఎక్కి చూడవచ్చు. నౌకాదళ విన్యాసాలు విశాఖలో జరిగే ఏడాది అదే సమయానికి వెళితే సముద్రపు ఒడ్డున టికెట్ లేకుండానే చూడవచ్చు. రెండు, పదో తరగతి పరీక్షలకు ముందే ఏ గ్రూపు ఏ ఉద్యోగానికి దారి తీస్తుందో చెప్పే సభ ఒకటి హాస్టల్లో పెట్టాలి. మూడు, ఉద్యోగాల్లో స్థిరపడిన అన్నలు, అక్కలు తలా కొంత వేసుకుని తర్వాతి ఏరో ఇండియాకు కనీసం ఐదుగురు విద్యార్థుల్ని పంపాలి.

బాబాసాహెబ్ అంబేద్కర్ గారు సముద్రాలు దాటి చదివింది తనొక్కడి కోసం కాదు. ఆ ఐదుగురూ తిరిగొచ్చి మిగిలిన వారందరికీ చూసింది చెప్పాలి. అలా చెప్పగలిగిన వాళ్ళనే ఎంపిక చేయండి. టికెట్ల లెక్క ఈ వార్షికోత్సవ సభలోనే మొదలుపెడదాం.