డిగ్రీ చదువుకు దుకాణం లెక్క

మన సభల్లో రిజర్వేషన్ల మాట వినిపించినంతగా, డిగ్రీ చేతికొచ్చిన మరునాడు మన పిల్లలు ఏం చేస్తున్నారనే మాట వినిపించదు. 2007 చట్టం వల్ల వచ్చిన 4 శాతం బీసీ-ఇ రిజర్వేషన్, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుల నీడలోనే అయినా, ఎన్నో ఇళ్లలో మొదటి పట్టభద్రుణ్ణి తయారు చేసింది. జగ్గయ్యపేట, నందిగామ పట్టణాల్లో ఆ ఇళ్లు దేనిమీద బతుకుతున్నాయో మనకు తెలియనిది కాదు. పండ్ల బండి, మాంసం దుకాణం, టైలరింగు, లారీల మరమ్మతు, వెల్డింగు, పాత ఇనుము, బేకరీ, బిర్యానీ సెంటర్. అయినా బీకాం చదివే కుర్రవాణ్ణి నీ అబ్బా దుకాణంలో నెలకు ఎంత మిగులుతుందని అడిగితే చెప్పలేడు. అబ్బా కూడా చెప్పలేడు.

రెవెన్యూ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో ఆదాయ ధ్రువపత్రం కోసం వచ్చిన దుకాణదారులు తరచు ఒకే మాట అనేవారు: “ఎంత రాయాలో మీరే చెప్పండి సాబ్.” అందులో కొంత లౌక్యం ఉంది, నిజమే. కాని లౌక్యం కన్నా తెలియకపోవడమే ఎక్కువ. పొద్దున గల్లాపెట్టెలో పడ్డ డబ్బుతో మధ్యాహ్నం సరుకు, సాయంత్రం ఇంటి ఖర్చు, రాత్రి చీటీ కిస్తీ. ఏది పెట్టుబడి, ఏది లాభం, ఏది కూలి అని విడదీసే అలవాటే లేనప్పుడు ఏడాది ఆదాయం ఎవరైనా ఎలా చెబుతారు?

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదికను మనం విద్య, ఉద్యోగాల అధ్యాయాల కోసమే ఎక్కువగా చదివాం. ముస్లిం శ్రామికుల్లో సుమారు 61 శాతం మంది స్వయం ఉపాధిపై ఆధారపడి ఉన్నారని కూడా ఆ నివేదికే చెప్పింది. సగానికి మించిన జనం తమ పని తామే వెతుక్కుని బతికే సమాజంలో, వ్యాపారం ఎలా నడుస్తుందో చదువుకున్న పిల్లలకు నేర్పడం అందరికన్నా ముందు మనం తలకెత్తుకోవలసిన పని.

దీనికి అవకాశం కొత్తగా వెతకనక్కరలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో మారిన డిగ్రీ ప్రణాళికలో పది నెలల ఇంటర్న్‌షిప్పును తప్పనిసరి చేశారు. మొదటి సంవత్సరం తర్వాత రెండు నెలల సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో సంవత్సరం తర్వాత రెండు నెలల ఇంటర్న్‌షిప్పు, చివరి సంవత్సరంలో ఒక సెమిస్టరంతా పని అనుభవం. కాగితం మీద మంచి ఆలోచన. ఆచరణలో ఏం జరిగిందో తల్లిదండ్రులకు తెలుసు. మెట్ట ప్రాంతంలో ఇంతమంది పిల్లలను చేర్చుకునే కార్యాలయాలు ఎక్కడున్నాయి? చుట్టూ సిమెంటు కర్మాగారాలున్నా, కళాశాలల పిల్లలందరికీ అక్కడ చోటు దొరకదు. చివరకు ఫోనులో నాలుగు వీడియోలు చూసి, కొంత రుసుము కట్టి, ఎక్కడివో ధ్రువపత్రాలు తెచ్చి జతపరచినవారు ఎందరో. ఇంటికి నాలుగడుగుల దూరంలో ఉన్న బజారు మాత్రం ఎవరికీ శిక్షణ స్థలంగా కనిపించలేదు.

ఆ బజారులో నేర్చుకోవడానికి ఏముందని అడిగేవారి కోసం ఒక లెక్క వేస్తాను. అంకెలు ఊహించినవే. ఒక బిర్యానీ సెంటరులో రోజుకు 80 ప్లేట్లు, ప్లేటు 120 రూపాయలు. వచ్చేది 9,600. బియ్యం, కోడి, నూనె, మసాలాలకు 6,000 పోతుంది. మిగిలిన 3,600 చూసి యజమాని లాభమనుకుంటాడు. గ్యాసుకు 400, ఇద్దరు పనివాళ్లకు 1,000, నెలకు 15,000 అద్దె అంటే రోజుకు 500 తీసేస్తే 1,700 మిగులుతుంది. తెల్లవారుజామున ఉల్లిపాయలు తరిగే భార్య కష్టం, అర్ధరాత్రి దాకా నిలబడే తన కష్టం కలిపి బయట పనిచేస్తే కనీసం 1,000 వచ్చేది. ఇక మిగిలింది 700. మూడు లక్షలు పోసి కొన్న పాత్రలు, పొయ్యిలు, బల్లలు ఐదేళ్లకు పాడవుతాయి. ఆ అరుగుదల రోజుకు 165. అసలు లాభం 535 రూపాయలు. 3,600 అనుకుని చెల్లెలి పెళ్లికి మాట ఇచ్చినవాడు అప్పులపాలవడంలో ఆశ్చర్యమేముంది?

ఈ లెక్కకు మరో చివర ఉంది. నెలకు 26 రోజులు తెరిచినా ఆ సెంటరు వార్షిక టర్నోవరు సుమారు 30 లక్షలు. సరుకు అమ్మే దుకాణానికి మన రాష్ట్రంలో జీఎస్టీ నమోదు పరిమితి 40 లక్షలు. హోటలు వ్యాపారం సేవల కిందికి వస్తుంది, దానికి పరిమితి 20 లక్షలే. ‘మనది చిన్న కొట్టు, మనకెందుకు’ అనుకునే మనిషి తనకు తెలియకుండానే గీత దాటేశాడు. నోటీసు వచ్చిన రోజున కాళ్లావేళ్లా పడడం కన్నా, కొడుకు ముందే చెప్పగలిగితే మేలు కాదా?

జగ్గయ్యపేటకు ఇంకో చిక్కు ఉంది. 2014 జూన్ 2 నుంచి గరికపాడు దాటితే వేరే రాష్ట్రం. కోదాడతో మన సంబంధాలు, వియ్యాలు, బేరాలు మాత్రం మారలేదు. 2017లో జీఎస్టీ వచ్చాక వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు కనుక సరిహద్దే పోయిందని చాలామంది అనుకున్నారు. పోలేదు. పేటలో రెడీమేడ్ దుస్తులు కుట్టే చిన్న యూనిటు కోదాడ దుకాణానికి సరుకు పంపితే అది అంతర్రాష్ట్ర అమ్మకం. దానికి 40 లక్షల మినహాయింపు వర్తించదు. మొదటి రూపాయి నుంచే నమోదు కావాలి. నందిగామకు పంపితే లేని బాధ్యత, అరగంట దూరంలోని కోదాడకు పంపితే వస్తుంది.

ఇక అప్పు సంగతి. బజారులో డైలీ ఫైనాన్సు తెలియని బండివాడు లేడు. చేతికి 9,000 ఇస్తారు, రోజుకు వంద చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. వడ్డీ అనే మాట ఎక్కడా రాయరు కనుక, వడ్డీని హరాంగా భావించేవారు కూడా దీన్ని అంతగా పట్టించుకోరు. వెయ్యికేగా అనిపిస్తుంది. రోజూ అసలు తగ్గుతూ పోతుంది కాబట్టి సగటున అతని చేతిలో ఉన్న అప్పు సుమారు 4,500. దానిమీద నూరు రోజులకు వెయ్యి అంటే ఏడాదికి 80 శాతం పైమాటే. పదో తరగతి గణితంతో తేలే లెక్క ఇది. మన డిగ్రీ పిల్లలు ఎందరు వేసి చూపగలరు?

భాగస్వామ్యాల విషయంలో మన నష్టం ఇంకా లోతైనది. అన్నదమ్ములు, బావాబావమరదులు నోటిమాట మీద దుకాణం పెట్టుకుంటారు. వాటా ఎంత, పనిచేసేవాడికి జీతం ఉందా, ఒకరు తప్పుకుంటే సరుకు విలువ ఎలా కడతారు అనేవి రాసుకోవడం నమ్మకద్రోహంలా భావిస్తారు. 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం రిజిస్టరు కాని సంస్థ తనకు రావలసిన బాకీకి ఒప్పందం చూపి కోర్టులో దావా వేయలేదు. అయినవాళ్ల మధ్య రాతలెందుకు అనే పెద్దలకు ఒకటి మనవి చేస్తాను: ఖుర్ఆన్‌లోని ఆయత్‌లన్నింటిలో పెద్దది బఖరా సూరాలోని 282వ ఆయత్. అది అప్పు లావాదేవీలను రాసుకోవడం గురించి, సాక్షుల గురించి చెప్పేది.

లెక్కలే వ్యాపారం కాదనీ నాకు తెలుసు. మన మెట్టలో పత్తి పండుతూనే ఉంది, దూది ఏకి పరుపులు కుట్టే దూదేకుల కుటుంబాల పని మాత్రం సన్నగిల్లింది. కంపెనీల ఫోం పరుపులు వచ్చాక గిరాకీ ఏటేటా ఎలా జారుకుందో ఎవరూ కూర్చుని గమనించలేదు. కొనేవారి ఇష్టం మారుతున్నప్పుడు దాన్ని ముందే పసిగట్టడం, ఉన్న నైపుణ్యాన్ని వేరే సరుకుకు మళ్లించడం కూడా నేర్పగల విద్యలే. ఏ దుకాణం ఎందుకు మూతపడిందో అడిగి రాసుకొచ్చిన విద్యార్థికి నేనైతే పుస్తకంలోని ప్రశ్నలకు జవాబు రాసినవాడికన్నా ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇదంతా ప్రభుత్వ బాధ్యతను మన నెత్తిన వేసుకోవడమేనని కార్యకర్త మిత్రులు అంటారు. బ్యాంకుల వివక్ష మాటేమిటని అడుగుతారు. వివక్ష లేదని నేననను. ముస్లింలు ఎక్కువగా ఉండే ప్రాంతాలను కొన్ని బ్యాంకులు అప్పు ఇవ్వరాని ప్రాంతాలుగా గుర్తు పెట్టుకున్నాయని సచార్ నివేదికే నమోదు చేసింది. కాని ఆ వివక్షను నిరూపించాలన్నా చేతిలో సరైన కాగితం ఉండాలి. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకంలో మైనారిటీలు 5 శాతం సొంత సొమ్ము పెడితే చాలు, గ్రామాల్లో 35, పట్టణాల్లో 25 శాతం సబ్సిడీ ఉంది. దానికి దరఖాస్తు చేసేవాడు జిరాక్స్ సెంటరులో అచ్చువేసి ఇచ్చిన ప్రాజెక్టు రిపోర్టు పట్టుకెళ్తాడు. పెట్టుబడి ఎన్ని నెలల్లో తిరిగొస్తుందని మేనేజరు అడిగితే తన రిపోర్టులో ఏముందో తనకే తెలియదు. అక్కడ తిరస్కరణకు సాకు దొరుకుతుంది. తన లెక్క తానే రాసుకున్నవాడిని తిరస్కరించాలంటే ఆ మేనేజరు కారణం రాతపూర్వకంగా చూపవలసి వస్తుంది. అప్పుడు మన పోరాటానికి చేతిలో ఆధారం ఉంటుంది.

ఆడపిల్లలను దీనికి దూరంగా ఉంచితే సగం పని వదిలేసినట్టే. ఇళ్లలో జాకెట్లు, లంగాలు కుట్టేది, చీరలకు ఫాల్స్ వేసేది వాళ్లే. ముక్కకింత అని తీసుకుంటారు. అదే ముక్కను దుకాణం ఎంతకు అమ్ముతుందో, దారం, కరెంటు, మిషను అరుగుదల ఎవరి ఖాతాలో పడుతున్నాయో లెక్క వేసిన మరుసటి రోజే బేరం మారుతుంది. హజ్రత్ ఖదీజా వర్తకురాలని పిల్లలకు గర్వంగా చెప్పుకునే మనం, కూతురికి ఖాతా పుస్తకం ఇవ్వడానికి సందేహించడం నాకు అర్థం కాని విషయం.

చేయవలసింది పెద్ద ఖర్చుతో కూడినది కాదు. వేసవి ఇంటర్న్‌షిప్పు మొదలయ్యేలోగా రెండు పట్టణాల మసీదు కమిటీలు, వ్యాపారులు, పదవీ విరమణ చేసిన బ్యాంకు, ఆడిటు ఉద్యోగులు కళాశాలల అధ్యాపకులతో కూర్చోవాలి. ఇద్దరు విద్యార్థులకు ఒక దుకాణం చొప్పున రెండు నెలలు చిట్టా, ఆవర్జా రాయాలి. వారానికొక ఆదివారం ఆ లెక్కలు పరిశీలించడానికి మాలాంటి వృద్ధులు ఉన్నాం. మైనారిటీ పిల్లలకే పరిమితం చేయనక్కరలేదు, మన బజారులో అందరూ ఉన్నారు.

నేను మాట్లాడిన దుకాణదారులకు ఉన్న భయం ఒక్కటే: మా గల్లా సంగతి ఊరంతా తెలిసిపోతుందేమో, పన్నులవాళ్ల చెవిన పడుతుందేమో. ఆ భయం న్యాయమైనదే. అందుకని విద్యార్థి నివేదికలో దుకాణం పేరు, వీధి రాయకూడదని, లెక్కల పుస్తకం దుకాణం దాటి బయటకు రాకూడదని, కళాశాలకు నెలవారీ మొత్తాలు మాత్రమే చేరాలని ముందుగానే రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ఆ షరతులమీద తలుపు తెరవడానికి జగ్గయ్యపేటలో ఇద్దరు, నందిగామలో ఒకరు ఇప్పటికే ఒప్పుకున్నారు.