ధరూరులో కారు కట్టకూడదా?

తేలికపాటి స్పోర్ట్స్ కారు ఒకటి సొంతంగా కట్టబోతున్నానని చెప్పిన నాటినుంచి నాకు మూడు మాటలు పదేపదే వినబడుతున్నాయి. "కార్లు దొరకనట్టు చేసుకునుడేందన్నా?" అన్నది మొదటిది. "అది కోటీశ్వరుల సరదా, మన నడిగడ్డోళ్లకెందుకు?" అన్నది రెండవది. "సర్కారు ఒప్పుకోదు సార్" అన్నది మూడవది. మొదటి రెండూ అపోహలు. మూడవది నిజం. నా తగవంతా ఆ నిజంతోనే.

ముందు అపోహల సంగతి చూద్దాం. స్పోర్ట్స్ కారనగానే సినిమాలో కథానాయకుడు దిగే ఎర్రటి విదేశీ వాహనం మన కళ్లముందు మెదులుతుంది. కాని తేలిక కారు వంశవృక్షం మొదలైంది పాత ఇనుములోనే. 1948లో ఇంగ్లండులో కోలిన్ చాప్‌మన్ అనే యువకుడు ఒక పాత ఆస్టిన్ సెవెన్‌ను విప్పదీసి తన మొదటి పోటీకారును కట్టుకున్నాడు. ఆయన సంస్థ నుంచి 1957లో వెలువడిన లోటస్ సెవెన్‌లో ఉన్నవల్లా గొట్టాల చట్రం, దానిమీద అల్యూమినియం రేకు, రెండు సీట్లు. తలుపులు కూడా లేవు. మొదటి రకంలో అమర్చిన 1172 సీసీ ఫోర్డ్ ఇంజను శక్తి 40 గుర్రాలకు మించదు. అయినా అది తనకంటే పెద్ద కార్లను పందెంలో వెనక్కి నెట్టింది. కారణం దాని బరువు ఐదువందల కిలోల లోపే ఉండటం. తక్కువ బరువును కదిలించడానికి తక్కువ బలం చాలు. ఆపడానికి చిన్న బ్రేకు చాలు. మలుపులో నిలపడానికి సన్నని టైరు చాలు. ఎద్దుల బండి మీద బస్తాలెత్తే ప్రతి రైతుకూ తెలిసిన సూత్రమే ఇది.

ఆనాటి బ్రిటనులో పూర్తి కారు కొంటే కొనుగోలు పన్ను కట్టాలి. విడిభాగాలు కొని ఇంట్లో బిగించుకుంటే ఆ పన్ను లేదు. అందువల్ల ఉద్యోగస్తులు, విద్యార్థులు తమ షెడ్లలోనే సెవెన్‌లు బిగించుకున్నారు. 1996లో రాన్ ఛాంపియన్ అనే ఆయన, పాత ఫోర్డ్ ఎస్కార్ట్ భాగాలతో 250 పౌండ్లకే ఇలాంటి కారు కట్టుకోవచ్చంటూ ఏకంగా పుస్తకమే రాశాడు. కోటీశ్వరుల సరదా అనేవారికి ఇంతకన్నా జవాబేం కావాలి?

మరి మనకు ఎస్కార్ట్ ఎక్కడిది? అక్కరలేదు. మనకు మారుతి ఓమ్ని ఉంది. 1984లో మారుతి వ్యానుగా వచ్చి, 2019లో తయారీ ఆగిపోయేదాకా అది మన పల్లెల్లో చెయ్యని చాకిరీ లేదు: బడిపిల్లల బండి, అంబులెన్సు, పెళ్లివారి వాహనం, కూరగాయల మోపు. దాని 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను ముందు సీట్ల కింద పొడవుగా కూర్చుని వెనుక చక్రాలను తిప్పుతుంది. సెవెన్ పద్ధతి కారుకు కావలసిన అమరిక సరిగ్గా అదే. మారుతి 800లోనూ అదే ఇంజనున్నా అడ్డంగా కూర్చుని ముందు చక్రాలను తిప్పుతుంది కనుక నా పనికి అంత సులువుగా లొంగదు.

అందుకే వెతుకులాటలో నా లెక్క అందరి లెక్కకూ తలకిందులు. రంగు నిగనిగలాడే బండి నాకొద్దు. ఒళ్లు తుప్పుపట్టి గుండె గట్టిగా ఉన్న బండి కావాలి. రేకంతా ఎలాగూ పారేసేదే. మూడు సిలిండర్లలో కంప్రెషన్ సమానంగా ఉందా, ఆయిల్ మూత కింద తెల్లటి నురగ ఉందా, గేర్లు పళ్లు కొరకకుండా పడుతున్నాయా, వెనుక ఇరుసు ఊళ వేస్తోందా అన్నవే నాకు ముఖ్యం. అన్నిటికన్నా ముందు, కాగితాలు అమ్మేవాడి పేరుమీదే ఉన్నాయా అన్నది. కాగితాలు లేని బండి కారుచౌకగా వచ్చినా ముట్టరాదు.

ఇక చట్రం. 25 మిల్లీమీటర్ల చదరపు గొట్టం, గోడ మందం 1.6 మిల్లీమీటర్లు అయితే, మీటరుకు సుమారు 1.2 కిలోలు తూగుతుంది. 50 మీటర్లు పట్టినా చట్రం బరువు 60 కిలోలే. దాదాపు ఎనిమిది వందల కిలోల ఓమ్నిని ఈడ్చే 35 గుర్రాల ఇంజనుకు ఐదువందల కిలోల బండిని అప్పజెబితే, టన్నుకు 44 గుర్రాలున్న చోట 70 అవుతాయి. ఇంజనుపై పైసా ఖర్చు పెట్టకుండా దక్కిన బలమిది.

"ఇంత పని ధరూరులో ఎవడు చేస్తాడు?" అని పెదవి విరిచేవారు గద్వాల మగ్గం గుంటలో ఒక పూట కూర్చుని చూడాలి. నూలు ఒంటికి పట్టు అంచును పోగు పోగుగా అతికే కుప్పడం పనితనం ఈ నేలది. రెండు వేరు స్వభావాల పదార్థాలను అతుకు తెలియకుండా కలపడమే కదా, పాత ఇంజనును కొత్త చట్రంలో కూర్చోబెట్టడమంటే! ట్రాక్టరు ట్రాలీ ఇరుసు విరిగితే పొద్దుగూకేలోగా అతికి పంపే వెల్డర్లు మా మండలంలో ఉన్నారు. 1960లలో వెలసిన విజయవాడ ఆటోనగర్ వేలాది లారీలకు ఒళ్లు కట్టింది. చేతులకు కొదవ లేదు. ఆ చేతులను నమ్మే చట్టానికే కొదవ.

ఇక్కడికి వచ్చేసరికి మూడవ మాట ఎదురవుతుంది. కోయంబత్తూరులో స్థిరపడ్డ తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు గారు 1952లో రెండు వేల రూపాయల ఖరీదుకే రెండు సీట్ల పెట్రోలు కారును తయారుచేశారు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు, కారు ఆగిపోయింది. డెబ్బై ఏళ్లు దాటాయి. లైసెన్సుల రాజ్యం పోయిందని పండుగలు చేసుకున్నాం. ఆ తలుపు మాత్రం ఇంకా మూసే ఉంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్‌లోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలతో విభేదించేలా బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్నే గట్టిగా చెప్పింది. సరే, మార్చను, కొత్తదే కడతానంటే 126వ నియమం ఎదురొస్తుంది. నమూనా వాహనాన్ని పూణేలోని ఏఆర్ఏఐ వంటి సంస్థల్లో పరీక్షింపజేయాలి. 2017 అక్టోబరు నుంచి కొత్త మోడలు కార్లకు ఢీకొట్టి చూసే పరీక్ష కూడా తప్పనిసరి. లక్ష కార్లు అమ్మే కంపెనీకి ఇది న్యాయమే. ఒకే ఒక్క కారు కట్టినవాడు దాన్ని గోడకు గుద్ది నిరూపించుకుంటే, ఇంటికి తోలుకుపోవడానికి ఏం మిగులుతుంది?

రోడ్డు మీద ఇతరుల ప్రాణాలున్నాయన్న అభ్యంతరాన్ని నేను శిరసావహిస్తాను. నేను పరీక్ష వద్దనడం లేదు, నాకు తగిన పరీక్ష పెట్టమంటున్నాను. బ్రిటనులో 2009 నుంచి ఒక్కొక్క వాహనాన్ని విడిగా పరీక్షించి ఆమోదించే పద్ధతి అమలులో ఉంది. బ్రేకులు, స్టీరింగు, సీటు బెల్టుల బిగింపు, దీపాలు, పొగ, మనిషికి గుచ్చుకునే పదునైన అంచులు – అన్నీ అధికారి స్వయంగా చూస్తాడు. కుదరకపోతే వెనక్కి పంపుతాడు. అటువంటి పరీక్షాకేంద్రం ఉమ్మడి జిల్లాకొకటి పెట్టడం అసాధ్యమా? 2023 ఫిబ్రవరిలో దేశదేశాల జట్ల ఫార్ములా ఈ కార్ల కోసం హుస్సేన్‌సాగర్ ఒడ్డునే పందెపు దారిగా ముస్తాబు చేసిన రాష్ట్రానికి, తన బిడ్డలు కట్టిన కారును పరీక్షించే గది ఒకటి భారమవుతుందా?

ఈ తలుపు మూసి ఉండటం వల్ల నష్టపోతున్నది నా ఒక్కడి సరదా కాదు. హైదరాబాదు బహదూర్‌పురాలో సుధాకర్ గారు బూటు, వంకాయ, క్రికెట్ బంతి ఆకారాల్లో చేత్తో కట్టిన కార్లు మ్యూజియంలో బారులు తీరాయి. టికెట్టు కొని చూసి, ఫోటో దిగి, నవ్వుకుని వస్తాం. చేతిపనితనాన్ని మనం వింత జాబితాలో వేశాం. మరోవైపు, చివరి ఏడాది ప్రాజెక్టును అంగట్లో కొని బైండు చేయించే మెకానికల్ పట్టభద్రులు ఏటా బయటికొస్తున్నారు. సస్పెన్షన్ గురించి పదహారు మార్కుల జవాబు రాయగలిగిన కుర్రవాడు ఒక బుష్‌ను పిడిలో కూర్చోబెట్టలేడు. కూర్చోబెట్టగలిగిన ఐటీఐ కుర్రవాడిని ఎవరూ ఇంజనీరు అనరు. వీళ్లిద్దరినీ ఒకే బల్ల దగ్గర నిలబెట్టగలిగేది ఇలాంటి పనే.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకోనక్కరలేదు. ఆవరణలోపల మాత్రమే వాడేందుకు ప్రత్యేకంగా చేసిన బండిని అదే చట్టం మోటారు వాహనంగా లెక్కించదు. కాబట్టి నా కారు కంచె లోపలే పరుగెడుతుంది. రోడ్డెక్కే హక్కును మాత్రం అడుగుతూనే ఉంటాను. మీలో ఎవరికైనా ఈ పని మీద మనసుంటే ఇంజను దగ్గర మొదలుపెట్టకండి. ముందు చదునైన బల్ల ఒకటి చేసుకోండి. దానిమీద చట్రం గీత గీయండి. గొట్టాలు కోసి, మూలమట్టం పెట్టి, మూలనుంచి మూలకు కొలత రెండువైపులా సరిపోయాకే ట్యాకులు వేయండి. మొత్తం నిలబడ్డాకే ఇటొకటి అటొకటిగా పూర్తి వెల్డింగు చేయండి. లేకపోతే వేడికి చట్రం మెలిపడుతుంది. వంకర చట్రాన్ని ఏ ఇంజనూ సరిచేయలేదు. వంకర చట్టాన్ని మాత్రం పదిమంది గట్టిగా అడిగితే సరిచేయవచ్చు. ఆ పదిమందిలో మొదటివాడి పేరు రాసుకోండి: ఊరు ధరూరు.