చదరంగమున ఉడుపుల తగవు

చదరంగము మౌనక్రీడ. మల్లయుద్ధమున కండల కదలిక కలదు; బంతియాటలో పరుగు కలదు. చదరంగమున ఇరువురు మనుష్యులు 64 గళ్ల బల్లకు ఇరువైపుల గంటలకొలది కూర్చుందురు. ఒక చేయి లేచును. ఒక బంటు జరుగును. గడియారపు మీట నొక్కబడును. అసలు పోరాటము కంటికి కానరాని చోట జరుగును. కానవచ్చునవి రెండే: ముఖము, ఉడుపు. అందుచేతనే కాబోలు, ఈ ఆటను చూచువారు ఆటగాండ్ర ఎత్తులతోపాటు వారి దుస్తులను గూర్చియు చర్చింతురు. 2024 డిసెంబరు నెలాఖరున ఈ చర్చ న్యూయార్కు నగరమున పుట్టి లోకమంతట వ్యాపించెను.

అప్పుడు వాల్‌స్ట్రీటులో ప్రపంచ ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలు జరుగుచుండెను. ర్యాపిడ్ పోటీలో ఒక్కొక్కరికి 15 నిమిషముల కాలము, ఎత్తునకు 10 సెకనుల అదనము లభించును. బ్లిట్జ్‌లో 3 నిమిషములే, ఎత్తునకు 2 సెకనులే. అంతకు ముందటి యేడు ఈ రెండింటను గెలిచినవాడు నార్వే దేశీయుడైన మాగ్నస్ కార్ల్‌సన్. డిసెంబరు 27వ తేదీన అతడు చొక్కాయు, కోటును తొడుగుకొని, జీన్సు లాగుతో ఆటకు కూర్చుండెను. జీన్సు కూడదని నాటి పోటీ నిబంధనలలో స్పష్టముగా నుండెను. అధికారులు 200 డాలర్ల జుల్మానా విధించి, లాగు మార్చుకొని రమ్మనిరి. మఱునాడు మార్చుకొని వత్తును గాని నేడు మార్చనని కార్ల్‌సన్ పట్టుబట్టెను. తొమ్మిదవ రౌండులో అతనికి జోడీ వేయలేదు. అతడు ర్యాపిడ్ పోటీనే విడిచి వెడలిపోయెను.

అదే దినమున రష్యా దేశపు ఇయాన్ నెపోమ్‌నియాషీకిని జుల్మానా పడెను. అతడు ధరించినవి వ్యాయామపు బూట్లు. అతడు వాటిని మార్చుకొని వచ్చి ఆట కొనసాగించెను. తరువాత జరిగినది మఱింత విచిత్రము. రెండు దినములలో ఫిడే అను ప్రపంచ చదరంగ సమాఖ్య అధ్యక్షుడు అర్కాదీ ద్వోర్కోవిచ్ సడలింపు ప్రకటించెను; కోటునకు ఒప్పిదమగు జీన్సు వంటి చిన్న చిన్న భేదములను అనుమతింపవచ్చుననెను. కార్ల్‌సన్ బ్లిట్జ్ పోటీకి తిరిగి వచ్చెను. డిసెంబరు 31న తుదిపోరున అతనికి ఎదురుగా కూర్చున్నవాడు, బూట్లు మార్చుకొనిన ఆ నెపోమ్‌నియాషీయే! ఎంతకును ఫలితము తేలక పోగా ఇరువురును కిరీటమును పంచుకొనిరి. ఇక ఆ లాగు 2025లో వేలమునకు వచ్చి 36 వేల డాలర్లకు పైగా పలికెను. ఆ సొమ్ము ఒక బాలల సేవాసంస్థకు చేరెను. శిక్ష 200 డాలర్లు. శిక్షకు కారణమైన వస్త్రము వెల 36 వేలు.

ఉభయపక్షముల వాదములును తోసివేయదగినవి కావు. చదరంగము ఒకప్పుడు ఐరోపాలో కాఫీశాలల కాలక్షేపము. పందెము కాయువారి వ్యాపకము. దానికి సభామర్యాద తెచ్చుటకు తరములు పట్టినది. ఆటగాడు శుభ్రమైన కోటుతో సభకు వచ్చుట ఆ గౌరవమునకు గుర్తుగా నిలిచినది. నిబంధన ముందే ప్రకటింపబడినది; అది అందరికిని ఒక్కటే. సమాఖ్య చెప్పినది ఇది. కార్ల్‌సన్ పక్షము వారు చెప్పినది వేఱు. ఆ లాగు చినిగినది కాదు, మాసినది కాదు; ఎదుటివాని ఆలోచనకు దానివలన భంగమేమియు లేదు; అట్టిదానికి ఒక రౌండు ఆటను కోల్పోవుట నేరమునకు మించిన శిక్ష అని వారనిరి. కొత్తరీతి చదరంగపు పోటీలను నడపువారికిని సమాఖ్యకును ప్రపంచ విజేత యను బిరుదు విషయమున అప్పటికే వివాదము నడచుచుండెను. కార్ల్‌సన్ ఆ కొత్త పోటీల పక్షమువాడు. కనుక ఆ నాటి పట్టుదలకు లాగు ఒక్కటియే కారణమని తలచుట కష్టము.

ఉడుపు వలన తగవు పుట్టుట చదరంగమునకు కొత్త కాదు. అమెరికా వీరుడు బాబీ ఫిషరు బాల్యమున సాదా చొక్కాలతో, ఉన్ని బనియనులతో పోటీలకు వచ్చెడివాడు. తరువాత పేరుగల దర్జీలచేత సూట్లు కుట్టించుకొని, ఆ వేషముననే సోవియట్ మహారథులను ఎదిరించెను. 1972లో రెయిక్యవిక్ నగరమున బోరిస్ స్పాస్కీని 12½–8½ తేడాతో ఓడించినప్పుడు, ఆట తెలియని అమెరికనులు సైతము టెలివిజను ముందు కూర్చుండి ఆ పోరును అనుసరించిరి. ఆటగాని వేషము, కుర్చీ, కోపము అన్నియు వారికి కథయే.

1978లో ఫిలిప్పీన్సు దేశపు బాగియో నగరమున అనతోలీ కార్పోవ్, విక్టర్ కోర్చ్‌నోయ్ తలపడినప్పుడు ఉడుపు ఆయుధమే యయ్యెను. కోర్చ్‌నోయ్ సోవియట్ దేశమును విడిచివచ్చినవాడు. కార్పోవ్ తనవైపు తేరి చూచునని అతని ఫిర్యాదు. అందుకు విరుగుడుగా అతడు అద్దమువలె మెఱయు నల్లకళ్లద్దాలు పెట్టుకొని కూర్చుండెను. కార్పోవ్ పక్షమున ఒక మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు సభలో కూర్చుండి కోర్చ్‌నోయ్‌నే చూచుచుండగా, ఇటు కోర్చ్‌నోయ్ పక్షమున ఆనందమార్గ సంస్థకు చెందిన ఇరువురు కాషాయ వస్త్రములతో ప్రత్యక్షమైరి. సోవియట్ పక్షము అభ్యంతరము తెలిపెను. 32 ఆటలు సాగిన ఆ పోరున కార్పోవ్ 6, కోర్చ్‌నోయ్ 5 ఆటలు గెలిచిరి. నేడు ఆ ఎత్తులు జ్ఞప్తియందున్నవారు కొద్దిమంది. కళ్లద్దాలను, కాషాయమును మఱచినవారు లేరు.

ప్రేక్షకుల దృష్టి నేడు మఱింతగా వేషముపైకి మఱలుటకు ఒక కారణమున్నది. పూర్వము ఎవరిది పైచేయియో తెలియవలెనన్న ఆట తెలిసియుండవలెను. తప్పినచో తెలిసినవానిని అడుగవలెను. ఇప్పుడు తెరపై బల్ల ప్రక్కనే ఒక గీత పైకి క్రిందికి కదలుచుండును. ఎవరు ఎంత ముందున్నారో కంప్యూటరు లెక్కగట్టి చెప్పుచుండును. ఎత్తులను గూర్చి తలబద్దలు కొట్టుకొను శ్రమ ప్రేక్షకునకు తప్పినది. ఖాళీ పడిన ఆ మనస్సు, ఖాళీగానున్న ఆ కన్ను, కోటు రంగును, కాలి బూటును, నుదుటి బొట్టును పట్టుకొనును. ఇది దోషమని అనుటకు లేదు. కొత్తవారు అనేకులు ఆటలోనికి వచ్చినది ఈ వాకిటి గుండానే. అయితే వాకిట నిలిచినవాడు ఇల్లు చూచినవాడు కాడు.

స్త్రీల విషయమునకు వచ్చునప్పటికి ఈ ఉడుపుల తగవు వినోదముగా మిగులదు. 2017లో స్త్రీల ప్రపంచ పోటీ ఇరాను రాజధాని టెహరానులో జరిగెను. ఆ దేశపు చట్టము ననుసరించి ఆడవచ్చిన స్త్రీలందరును తలకు వస్త్రము కప్పుకొనవలసి వచ్చెను. అమెరికా విజేత నాజీ పైకిడ్జె అట్టి షరతునకు ఒడబడనని ఆ పోటీకే పోలేదు. గుంటూరు ఆడపడుచు ద్రోణవల్లి హారిక తలకు వస్త్రము కప్పుకొనియే ఆడి, సెమీఫైనలు వఱకు వెళ్లి కాంస్యపతకము గెలిచెను. ఇందు ఒకరిది ధైర్యము, మఱియొకరిది పిఱికితనము అని తీర్పు చెప్పుట సులభము గాని న్యాయము కాదు. ప్రపంచ కిరీటమునకై పోరాడు అవకాశము మాటిమాటికి రాదు. అట్టి అవకాశమును, తల కప్పుకొనని స్వేచ్ఛను త్రాసులో తూచుకొనవలసిన స్థితిని ఆటగత్తెకు కల్పించుటయే అసలు తప్పు.

ఇరాను ఆటగత్తె సారా ఖాదెమ్ కథ ఇంకను బరువైనది. 2022 సెప్టెంబరులో మహ్సా అమీనీ మరణించిన పిమ్మట ఆ దేశము అట్టుడికిపోవుచుండెను. ఆ డిసెంబరులో కజకిస్తానులోని అల్మాటీ నగరమున ఇదే ర్యాపిడ్, బ్లిట్జ్ పోటీలో ఆమె తలపై వస్త్రము లేకుండ ఆడెను. పిదప ఆమె స్వదేశమునకు పోలేదు. స్పెయిను దేశమునకు వలసపోయి, 2023లో అచటి పౌరసత్వము పొందెను. పోటీ అదే, గళ్లబల్ల అదే. ఉడుపు తప్పినందుకు కార్ల్‌సన్ చెల్లింపవలసినది 200 డాలర్లు. ఆమె చెల్లించినది జన్మభూమి.

కావున దుస్తుల నిబంధనను తూచుటకు వస్త్రపు నేత, రంగు చాలవు. ఆ నిబంధనను ఎవరు చేసిరి? అది అందరికిని సమముగా వర్తించుచున్నదా? తప్పినవారు చెల్లింపవలసిన మూల్యము తప్పునకు తగినదేనా? ఈ మూడు ప్రశ్నలు అడుగవలెను. టెహరాను షరతు మొదటి ప్రశ్న వద్దనే ఓడిపోవును. అది ఆటగత్తెలు చేసికొనిన నియమము కాదు. న్యూయార్కు నియమము మొదటి ప్రశ్నకు నిలుచును. ఆటగాండ్ర ప్రతినిధులు కూడ చేరి కూర్చినదేనని సమాఖ్య చెప్పినది. అది తడబడినది రెండవ ప్రశ్న వద్ద. 2023లో సమర్‌ఖండ్ నగరమున ఇదే పోటీలో నెదర్లాండ్సు ఆటగత్తె అన్నా-మాయా కజారియన్ ధరించిన బూట్లు వ్యాయామపు బూట్లని జుల్మానా వేసిరి. అవి అట్టివి కావని ఆమె మొఱపెట్టుకొనెను. ఆనాడు నియమము సడలలేదు. మఱుసటి సంవత్సరము లోకైక వీరుడు అలిగి లేచిపోగా రెండు దినములలో సడలెను. అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ యను తెలుగు సామెతకు ఇంతకంటె తగిన ఉదాహరణము దొరకదు. నియమము మంచిది కాకున్నచో మొదటి ఫిర్యాదునాడే మార్చవలెను. మంచిదైనచో వీరుని యలుకకు వెఱవరాదు.

ఈ రభసలో మఱుగుపడిన సంగతి యొకటి కలదు. కార్ల్‌సన్ వెడలిపోయిన మఱునాడే, డిసెంబరు 28న, అదే పోటీల సభలో తెలుగు మహిళ కోనేరు హంపి స్త్రీల ర్యాపిడ్ ప్రపంచ కిరీటమును గెలిచెను. మొదటి రౌండులోనే ఆమె ఓడిపోయినది. అటుపై నిలద్రొక్కుకొని, తుది రౌండులో నల్లపావులతో ఇండోనేషియా ఆటగత్తె ఇరీన్ సుకందర్‌ను ఓడించి, 11 ఆటలలో 8½ పాయింట్లు సాధించెను. 2019లో మాస్కోలో ఒకసారి, ఇప్పుడు రెండవసారి. అప్పటికామె వయస్సు 37 ఏండ్లు. ఒక బిడ్డకు తల్లి. పదునెనిమిదేండ్లవారితో గడియారమును గెలువవలసిన ఆటలో ఇది సామాన్యమైన కార్యము కాదు. తెలుగు పత్రికలు ఆ వార్తను సంతోషముతో ప్రకటించెను. దేశాంతరములందు మాత్రము ఆ వారమున లాగును గూర్చి ప్రవహించిన సిరాతో పోల్చిన హంపి ఎత్తులకు దక్కినది స్వల్పము. ఉడుపును చూచు కన్ను గెలుపును చూడకపోవుట ఆ వారమునకు జరిగిన నిజమైన నష్టము.

సభామర్యాద యనునది వస్త్రమున లేదా యన్నచో కొంత కలదు. కాని దాని నివాసము వేఱు. అదే డిసెంబరు 12వ తేదీన సింగపూరులో, శబ్దము చొరని గాజుగదిలో, పదునాల్గవ ఆటయందు చైనా వీరుడు డింగ్ లిరెన్ ఏనుగును తప్పుచోటికి జరిపెను. చెన్నపట్టణపు తెలుగు కుటుంబమున పుట్టిన గుకేశ్ 18 ఏండ్ల వయస్సున ప్రపంచ విజేత యయ్యెను. బాలుడు కన్నీరు ఆపుకొనలేకపోయెను. అంతటి సంభ్రమమునను అతడు చేసిన పని, బల్లపై చెదరియున్న పావులను మరల వాటి వాటి గళ్లలో చక్కగా పేర్చుట. అట్లు చేయుమని ఏ నిబంధనయు లేదు. చేయకున్న జుల్మానాయు లేదు. గాజుగోడకు ఆవల నిలిచి చూచినవారికి ఆనాడు అతని కోటు గుర్తున్నను లేకున్నను, ఆ చేతులు గుర్తుండును.

పాఠశాలలందు ఏకరీతి దుస్తుల నియమము ఏల వచ్చినదో ఉపాధ్యాయులకు తెలియును. ధనికుని బిడ్డ పట్టుచొక్కాయు, పేదవాని బిడ్డ అతుకుల చొక్కాయు ఒకే బల్లపై కూర్చున్నప్పుడు చూపు పాఠము మీద నిలువదు. ఆ భేదమును కప్పుటకే ఆ నియమము. ఊరిపెద్ద కుమారుడు రంగుచొక్కాతో వచ్చినప్పుడు చూచీ చూడనట్లుండి, కూలివాని కుమారుని వాకిట నిలువబెట్టిన నాడు ఆ నియమము తాను కప్పదలచిన భేదమునే చాటును. వాకిట నిలిచిన బాలుడు ఆనాటి పాఠమును పోగొట్టుకొనును. లోపల కూర్చున్నవారు మాత్రము ఒక పాఠము నేర్చుకొందురు. అది ఉపాధ్యాయుడు చెప్పదలచిన పాఠము కాదు.