అద్దెలే అప్పు తీరుస్తాయట!

ఈ మాటను ఒకప్పుడు వేదవాక్యంగా నమ్మినవాణ్ణి కనుక, నేడు దీన్ని ఊదరగొడుతున్న వారిని నిలదీసే అర్హత నాకు కొంత ఉందనుకుంటాను.

కూకట్‌పల్లిలో ఐదు పోర్షన్ల ఇల్లు 2 కోట్లకు కొన్నాను. అందులో 1.2 కోట్లు బ్యాంకు అప్పు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి, ఇరవయ్యేళ్ళ గడువుకు, నెలసరి వాయిదా 1,04,000 పైచిలుకు. అన్ని పోర్షన్లూ నిండితే వచ్చే అద్దె 55,000. అనగా పెట్టిన ధరపై ఏడాదికి 3.3 శాతం. ఎనిమిదిన్నరకు తెచ్చి మూడుకు తిప్పడాన్ని మా తాతగారు వ్యాపారమనేవారు కాదు.

పోనీ, ఐదూ ఎల్లవేళలా నిండి ఉంటాయా? ఒకరు ఖాళీ చేస్తే నెల అద్దె పోయినట్టే. ఆపైన సున్నాల ఖర్చు. వేసవిలో బోరు ఎండితే ట్యాంకరు. (మోటారు కాలేది మాత్రం ఎందుకో ఆదివారాలే!) దీన్ని కూర్చుని తినే ఆదాయమన్న మహానుభావుడు ఏనాడూ సంపులోకి తొంగిచూసి ఉండడు.

పన్ను కలిసివస్తుందంటారు. 2017 బడ్జెట్ తరువాత అద్దె ఇంటి నష్టాన్ని జీతం నుంచి ఏటా 2 లక్షలకు మించి మినహాయించుకోలేము. కొత్త పన్ను విధానంలో అదీ లేదు.

ధర పెరుగుతుంది కదా అంటారు. పెరగవచ్చు. అయితే అది ధర మీద పందెం; దానికి అద్దె ఆదాయమన్న ముసుగెందుకు?

కొత్తగా దిగేవారు ముందు ఆ వీధిలో టు-లెట్ బోర్డులు లెక్కపెట్టండి. నీళ్ళ సంగతి యజమానిని కాక, అద్దెకున్నవారిని అడగండి. ఏడాదికి పది నెలల అద్దే వస్తుందనుకుని, వాయిదా అందులో ఇమిడేంత సొంత డబ్బు పోగయ్యేదాకా ఆగండి.

నేను ఆగలేదు. మా పై పోర్షను మార్చి నుంచి ఖాళీ.